గ్రూప్ పాలసీ మార్చినా కంప్యూటర్‌లో మార్పు రాలేదా? ముందు చూడాల్సినవి

గ్రూప్ పాలసీ (ఆఫీసు నెట్‌వర్క్‌లోని విండోస్ కంప్యూటర్లకు, యూజర్లకు ఒకే చోటు నుంచి పెట్టే సెట్టింగులు) పనిచెయ్యలేదనగానే చాలామంది వెళ్లి ఆ పాలసీనే మళ్లీ కెలుకుతారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అది వందల కంప్యూటర్లకు వెళ్లే పాలసీ, ఇబ్బంది ఉన్నది ఒక్కదానిలో. ముందు ఆ కంప్యూటర్‌నే అడగండి.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'జీపీరిజల్ట్ స్లాష్ ఆర్' కొట్టండి. ఏయే పాలసీలు అందాయో రిపోర్ట్ వస్తుంది. మామూలుగా తెరిస్తే యూజర్ భాగమే వస్తుంది, కంప్యూటర్ పాలసీలు కనబడవు. అది తెలియక పాలసీ అసలు రాలేదని టెన్షన్ పడతారు.

మార్పు చేసి ఎంతసేపైందో కూడా చూసుకోండి. మామూలు కంప్యూటర్లు 90 నిమిషాలకోసారి, దానిపైన 30 నిమిషాల దాకా తేడాతో పాలసీని తెచ్చుకుంటాయి. అంతసేపు ఆగలేకపోతే, వెంటనే తెప్పించడానికి 'జీపీఅప్‌డేట్ స్లాష్ ఫోర్స్' కమాండ్ ఉంది.

రిపోర్ట్‌లో పాలసీ పేరే లేదు

చాలావరకు కంప్యూటర్ సరైన ఓయూలో (ఆర్గనైజేషనల్ యూనిట్, అంటే పాలసీలు లింక్ చేసే విభాగం) ఉండదు. డొమైన్‌లో (ఒకే చోటు నుంచి నడిపే ఆఫీసు నెట్‌వర్క్) కొత్తగా చేర్చినవి మామూలుగా 'కంప్యూటర్స్' అనే కంటైనర్‌లో పడతాయి. అది ఓయూ కాదు, దానికి పాలసీ లింక్ చెయ్యలేం. సరైన ఓయూలోకి మార్చి రీస్టార్ట్ చెయ్యండి.

పేరుంది, పక్కన 'నాట్ అప్లైడ్, అన్‌నోన్ రీజన్' అని ఉంది

మనుషుల్ని బాగా తిప్పలు పెట్టేది ఇదే. ఎవరో సెక్యూరిటీ ఫిల్టరింగ్‌లోంచి (పాలసీ ఎవరికి పడాలో చెప్పే జాబితా) 'ఆథెంటికేటెడ్ యూజర్స్'ని (డొమైన్‌లో లాగిన్ అయిన యూజర్లు, కంప్యూటర్లు అన్నీ) తీసేసి, తమకు కావలసిన యూజర్ల గ్రూప్ ఒక్కటే పెట్టి ఉంటారు. ఒకప్పుడు అది చక్కగా పనిచేసేది. 2016 జూన్‌లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత యూజర్ పాలసీని కూడా విండోస్ కంప్యూటర్ అకౌంట్‌తోనే చదువుతోంది. చదివే అనుమతి కంప్యూటర్‌కి లేకపోతే, గ్రూప్‌లో యూజర్ ఉన్నా లాభం లేదు.

ఆ పాలసీ డెలిగేషన్ ట్యాబ్‌లో (ఎవరికి ఏ అనుమతి ఉందో చూపేది) 'డొమైన్ కంప్యూటర్స్'ని చేర్చి 'రీడ్' ఒక్కటే ఇవ్వండి. 'అప్లై గ్రూప్ పాలసీ' టిక్ పెట్టకండి. తర్వాత యూజర్‌ని లాగాఫ్ అయ్యి మళ్లీ లాగిన్ అవ్వమనండి.

అప్లై అయింది, కానీ సెట్టింగ్ వేరేలా ఉంది

పాలసీలు లోకల్ (ఆ కంప్యూటర్‌లోనే పెట్టినవి), సైట్ (నెట్‌వర్క్‌లో ఒక ప్రాంతం), డొమైన్, ఓయూ: ఈ వరసలో పడతాయి, చివర వచ్చినదే నెగ్గుతుంది. పైన ఏదైనా 'ఎన్‌ఫోర్స్‌డ్' (తప్పనిసరి) అయి ఉంటే మాత్రం దానిదే పైచేయి. పాస్‌వర్డ్ నియమాల సంగతి వేరు. వాటిని ఓయూకి లింక్ చేస్తే అక్కడి కంప్యూటర్లలోని లోకల్ అకౌంట్లకే పడతాయి. డొమైన్ అకౌంట్ల కోసమైతే డొమైన్ స్థాయిలోనే పెట్టాలి.

ఏ పాలసీ రావట్లేదు

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. 1129 నంబర్ ఈవెంట్ ఉంటే డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌ని నడిపే సర్వర్) అందట్లేదు. ముందు డీఎన్ఎస్ (పేరుని బట్టి సర్వర్ అడ్రస్ చెప్పేది) సెట్టింగ్ చూడండి, ఎవరో చేత్తో బయటి సర్వర్ అడ్రస్ పెట్టి ఉండొచ్చు. గడియారం 5 నిమిషాలకు మించి తేడా ఉన్నా కెర్బెరోస్ (డొమైన్‌లో లాగిన్‌ని సరిచూసే పద్ధతి) ఒప్పుకోదు. 1058 అయితే పాలసీ ఫైల్ చదవలేకపోతోంది. అదే కంప్యూటర్ నుంచి సిస్‌వాల్ ఫోల్డర్ (కంట్రోలర్‌లో పాలసీ ఫైళ్లు ఉండే చోటు) తెరిచి చూడండి. తెరుచుకున్నా ఆ పాలసీ ఫోల్డర్ లేకపోతే, కంట్రోలర్ల మధ్య రెప్లికేషన్ (ఒకదాని నుంచి ఇంకోదానికి కాపీ అవ్వడం) ఆగిందేమో చూడాలి.