ఆర్ఎఫ్‌సీ రాద్దాం, 7వ పాఠం: ‘ఆయ్’ అంటే ఏది ఆయ్?

పోయిన పాఠం చివర తొమ్మిది ప్రశ్నలిచ్చి, అచ్చుకి ముందు పత్రం దిద్దే ఎడిటర్ అడిగారనుకుని జవాబులు రాయమన్నాను. రాశారు, సంతోషం. కానీ అవి చదివాక ఈసారి చెబుదామనుకున్న ఐయానా (ఇంటర్నెట్ నంబర్లు, పేర్ల నమోదు చూసే సంస్థ) విభాగాన్ని పక్కన పెట్టేశాను. ముందు ఈ జవాబుల సంగతి తేలాలి.

కొత్తగా చేరినవాళ్ళకి రెండు ముక్కలు. ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ఎలా పనిచెయ్యాలో రాసిపెట్టే పత్రాలు. మనం సాధన కోసం రాసుకుంటున్న పత్రం రొయ్యల చెరువుది. నీళ్ళలో ఆక్సిజన్, అంటే డీవో, పడిపోతే సెన్సర్ కంట్రోలర్‌కి చెప్పడం, కంట్రోలర్ నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్‌ని ఆన్ చేసి, గట్టు మీద కబుర్లు అందుకునే గేట్‌వే పెట్టెకి కబురు పంపడం, అంతే. చెయ్యి తిరగడానికి తెలుగులో రాస్తున్నాం. అసలు ఆర్ఎఫ్‌సీలన్నీ ఇంగ్లీషులోనే అచ్చవుతాయి. పత్రం రాసుకునే ఎక్స్ఎంఎల్ ఫైలు ఎలా తెరవాలో మళ్ళీ చెప్పను.

ఇప్పుడు ఆరో ప్రశ్న చూడండి. పత్రంలో ఇలా ఉంది: “డీవో 4 కన్నా తగ్గినప్పుడు కంట్రోలర్ ఏరేటర్‌ను ఆన్ చేసి గేట్‌వేకి సందేశం పంపాలి, అది మూడుసార్లు.” ఎడిటర్ అడిగింది: “మూడుసార్లు అన్నది ఏరేటర్‌ను ఆన్ చెయ్యడానికా, సందేశం పంపడానికా?”

భీమవరం నుంచి వచ్చిన జవాబు: “ఆయ్, అవునండి.”

అమలాపురం నుంచి: “మీకెలా బాగుంటే అలా మార్చండి.”

రాజోలు నుంచి: “మంచి ప్రశ్న. ధన్యవాదాలు.”

ఆయ్ మీద నాకేం పగ లేదు. నేనూ ఈ గోదారి నీళ్ళు తాగినవాణ్ణే, రోజుకి ఎన్నిసార్లంటానో లెక్కుండదు. ఎదురుగా ఉన్నప్పుడు ఆయ్ అంటే వింటున్నానని. ధాన్యం బేరంలో ఆయ్ అంటే ఇంకా ఒప్పుకోలేదని. ఫోన్‌లో సాగదీసి ఆయ్ అన్నామంటే ఇక పెట్టేస్తున్నానని. గొంతును బట్టి అర్థం మారుతుంది, మనకది ఇట్టే తెలిసిపోతుంది. ఈమెయిల్‌కి గొంతు లేదు కదా. పైగా అడిగినది ఇదా, అదా అని. దానికి అవును అంటే ఏది అవును?

“మీ ఇష్టం” ఇంకా ప్రమాదం. మనం మర్యాద అనుకుంటాం. ఎడిటర్లకు వ్యాకరణం వచ్చు, ఆర్ఎఫ్‌సీల శైలి వచ్చు, ఎక్కడ పొంతన కుదరలేదో పట్టుకోవడం వచ్చు. మీ చెరువు వాళ్ళకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నిర్ణయం వాళ్ళకి వదిలేస్తే వ్యాకరణం ఎటు మొగ్గితే అటు తీసుకుంటారు. ఎక్కడో ఉన్న ప్రోగ్రామరు ఆ అచ్చు చూసి, మోటారు మూడుసార్లు ఆన్ అయ్యేలా కోడ్ రాస్తాడు. ఇక్కడ తెల్లారుజామున, చెరువులో డీవో అడుగంటే వేళకి, స్టార్టరు కాలిపోతుంది. అచ్చయ్యాక ఆర్ఎఫ్‌సీని ఎవరూ దిద్దలేరు. దోషం కనిపిస్తే ఎర్రాటా అని పక్కన విడిగా నమోదు చేస్తారు, లేదంటే కొత్త నంబరుతో ఇంకో ఆర్ఎఫ్‌సీ రాయాలి. పాతది పాతదిలాగే ఉండిపోతుంది.

జవాబు ఇలా ఉండాలి.

“ప్రశ్న 6. సందేశానికే.

పాతది: కంట్రోలర్ ఏరేటర్‌ను ఆన్ చేసి గేట్‌వేకి సందేశం పంపాలి, అది మూడుసార్లు.

కొత్తది: కంట్రోలర్ ఏరేటర్‌ను ఒకసారి ఆన్ చేయాలి. ఆ తరవాత ఒకే సందేశాన్ని గేట్‌వేకి మూడుసార్లు పంపాలి.”

అంతే. వివరణ ఒక్క మాట, మిగతాదంతా వాక్యమే. పాతది, కొత్తది ఒకదాని కింద ఒకటి పెడితే ఎడిటర్ అలాగే తీసుకుని అతికించుకుంటారు. “రెండో పేరాలో మూడో లైను కొంచెం సవరించండి” అని రాస్తే మళ్ళీ ప్రశ్న వస్తుంది, దానికి మళ్ళీ మీరు ఆయ్ అంటారు. ఫైలునే దిద్ది పంపినా ఒప్పుకుంటారు కానీ, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ జోలికి పోవద్దు. ఏం మార్చారో వారం తరవాత మీకే గుర్తుండదు.

పాలకొల్లు ఆయన ఒకరు జవాబు దాదాపు సరిగ్గానే రాశారు. చివర్లో “10 సెకన్ల ఎడంతో” అని ఒక ముక్క చేర్చారు. మంచి ఆలోచనే, కానీ ఇప్పుడు కాదు. అసలు పత్రమైతే ఈపాటికి ఐఈఎస్‌జీ, అంటే పత్రాలను అచ్చుకి ఒప్పుకునే సంఘం, ఆమోదం అయిపోయి ఉంటుంది. కామాలు, స్పెల్లింగులు, వాక్యం కుదురు మనమూ ఎడిటర్లూ చూసుకుంటాం. కొత్త విషయం చేర్చినా, ఉన్నది తీసేసినా, సాంకేతికంగా అర్థం మారినా, ఆ సంఘంలో మన పత్రం బాధ్యత చూసే ఏరియా డైరెక్టర్ సరే అనాలి. పెళ్ళి కార్డు అచ్చుకిచ్చాక ముహూర్తం మార్చాలంటే పురోహితుణ్ణి అడగకుండా ప్రెస్సువాడికి చెబుతామా? అది పెట్టి తీరాలనుకుంటే, “ఇది సాంకేతిక మార్పు, ఏరియా డైరెక్టర్ ఆమోదం కావాలి” అని ఆ జవాబులోనే మీరే రాయండి. ఎడిటర్ కనిపెడతారులే అని దాచొద్దు. కనిపెడతారు.

ఈ దశకు ఆథ్-48 అని పేరు. రచయితలకిచ్చే 48 గంటల నుంచి వచ్చిన పేరది. పేరులో 48 ఉన్నా రోజులూ వారాలూ పడుతుంటుంది. కారణం ఏమిటంటే, పత్రం మొదటి పేజీలో పేరున్న ప్రతి రచయితా విడివిడిగా “ఆమోదం” అని రాయాలి. నలుగురు రాసి ఒకరు రాయకపోతే బండి కదలదు. నా మొదటి పత్రంలో, ప్యాకెట్ పొడవు రాసే ఫీల్డులో ముందుండే హెడర్ పొడవూ కలిసి ఉందా, లేదా అని ఎడిటర్ అడిగితే నేను “అవును” అన్నాను. అదే రోజు నా సహరచయిత “లేదు” అన్నాడు. మాలో ఎవరు కరెక్టో తేల్చుకోమని మళ్ళీ మెయిల్ వచ్చేసరికి వాడు అంతర్వేది తీర్థంలో ఉన్నాడు. రథోత్సవంలో ఫోన్ మోగితే మాత్రం ఎవరికి వినిపిస్తుంది? తిరిగొచ్చి మెయిల్ చూసుకునేదాకా మిగతా ముగ్గురం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. అందుకే ఇప్పుడు నేను పత్రం క్యూలో ఉండగానే రచయితలందరి ఊరి పండగలు, పెళ్ళిళ్ళు అడిగి రాసుకుంటాను. నవ్వకండి, పనికొస్తుంది. మనిషి ఎంతకీ దొరక్కపోతే ఆయన బదులు ఏరియా డైరెక్టర్ ఆమోదించడమో, పేరును సహకరించినవారి జాబితాలోకి మార్చడమో చేస్తారు. అందాకా తెచ్చుకోవద్దు. జవాబు పంపేటప్పుడు మాత్రం ‘రిప్లై ఆల్’ నొక్కండి. ఎడిటర్‌కి ఒక్కరికే రాస్తే మిగతా రచయితలు మరోలా జవాబిస్తారు, నాకైనట్టే అవుతుంది.

ఇక రెండో ప్రశ్న, ‘పంపాలి’ గురించి. ఇంగ్లీషు పత్రాల్లో మస్ట్, షుడ్, మే అనే మాటలు క్యాపిటల్స్‌లో ఉంటే వాటికి ప్రత్యేకమైన అర్థం ఉంటుంది. 1997లో ఆర్ఎఫ్‌సీ 2119 ఆ అర్థాలు రాసిపెట్టింది. మరి చిన్న అక్షరాల్లో ఉంటే అని ఇరవై ఏళ్ళు వాదులాడుకున్నాక 2017లో ఆర్ఎఫ్‌సీ 8174 వచ్చి, క్యాపిటల్స్‌లో ఉన్నప్పుడే ఆ అర్థం, లేకపోతే మామూలు మాటే అని తేల్చింది. కాబట్టి చిన్న అక్షరాల మస్ట్ కనబడితే, ఇది క్యాపిటల్స్‌లో ఉండాల్సిందా అని ఎడిటర్ అడగొచ్చు.

మన సాధన పత్రంలో క్యాపిటల్స్ లేవు కాబట్టి గళ్ళ బ్రాకెట్లు పెట్టుకున్నాం: [పంపాలి], [పంపడం మంచిది], [పంపవచ్చు]. మీలో సగం మంది అన్నిటికీ బ్రాకెట్లు పెట్టేశారు. “వాన పడితే సెన్సర్ అంకె మారవచ్చు” అన్నదానికి కూడా! వాన పడితే అంకె మారడం ప్రకృతి. సెన్సర్‌కి మీరిచ్చే అనుమతి కాదది. తెలుగు ‘వచ్చు’లో రెండూ ఉన్నాయి: గోదారి పొంగవచ్చు, నువ్వు ఇంటికి వెళ్ళవచ్చు. మొదటిది జరగడానికి వీలుంది, రెండోది నేను ఒప్పుకుంటున్నాను. ఇంగ్లీషు ‘మే’లోనూ సరిగ్గా ఇదే తిరకాసు. నా కిటుకు ఒకటి చెబుతాను. వాక్యాన్ని “అలా చెయ్యకపోతే ఎవరిని తిడతాం?” అని అడగండి. కంట్రోలర్‌ని తిడతాం అంటే బ్రాకెట్. వానదేవుణ్ణి తిడతాం అంటే బ్రాకెట్ వద్దు.

మూడో ప్రశ్న చిన్నది. 2వ విభాగంలో సందేశం, 4లో మెసేజ్, 5లో కబురు అన్నాం. మూడూ ఒకటేనా? బడిలో ఒకే మాట పదేపదే వాడితే మాస్టారు ఎర్రసిరాతో గీత పెట్టేవారు కాబట్టి మనకీ అలవాటు. ప్రమాణ పత్రంలో ఒక వస్తువుకి ఒకే పేరు. విసుగు పుట్టేదాకా అదే పేరు. నేనైతే సందేశం ఉంచుతాను, కబురు అంటే నాకిష్టమైనా.

అంకెల పక్కన కొలమానం. “4 అంటే ఏమిటి?” అన్నదానికి “చెరువు చేసేవాళ్ళందరికీ తెలుసండీ” అని ఒకరు రాశారు. తెలుసు, లీటరుకు 4 మిల్లీగ్రాములు. పత్రం చదివేవాడు చెరువు చెయ్యడు, అదీ సమస్య. వరద రోజుల్లో టీవీ చూసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మొదటి ప్రమాద హెచ్చరిక అంటే ధవళేశ్వరంలో 11.75 అడుగులు, భద్రాచలంలో 43 అడుగులు. హెచ్చరిక పేరు ఒకటే, నది ఒకటే. ఏ ఊరి గేజో చెప్పకుండా “మొదటి హెచ్చరిక దాటింది” అని రాస్తే లంకల్లో వాళ్ళు గొడ్లను గట్టెక్కించాలా, కంచంలో అన్నం పూర్తి చెయ్యాలా?

ఉదాహరణల్లో ఒకాయన తన షాపు వెబ్‌సైటు పేరు పెట్టారు. ప్రచారం ఐడియా బాగుంది కానీ తీసెయ్యండి. ఎగ్జాంపుల్ డాట్ కామ్ లాంటి పేర్లను 1999లోనే ఆర్ఎఫ్‌సీ 2606 ఇందుకోసం కేటాయించింది. ఐపీ అడ్రసు కావాలంటే 192.0.2.1 రాయండి, ఆ వరస మొత్తం పత్రాల్లో ఉదాహరణల కోసమే.

మన పత్రం ఇంకా అచ్చుకాని పత్రం మీద ఆధారపడితే ఏమవుతుందని రావులపాలెం నుంచి అడిగారు. అది లేకుండా మనది అమలు చెయ్యడం కుదరదనుకుంటే, అది వచ్చేదాకా మనది ఆగుతుంది. లాకు దగ్గర పడవల్లా ఒకదాని వెనక ఒకటి. బ్రౌజర్లలో వీడియో కాల్స్‌కి పనికొచ్చే వెబ్‌ఆర్‌టీసీ పత్రాలు అలాగే ఏళ్ళ తరబడి ఆగి, 2021 జనవరిలో గేటు ఎత్తాక గుంపుగా వచ్చాయి. కేవలం చదివితే మంచిదనే పత్రమైతే అలా ఆపదు. తప్పనిసరివి, చదివితే మంచివి అని రెండు జాబితాలుగా ఎందుకు విడదీయాలో అయిదో పాఠంలో ఉంది.

నేను చదివే వరస చెబుతాను, మీకు నచ్చితే తీసుకోండి. ఎడిటర్ ఫైళ్ళు రాగానే ప్రశ్నలు చూడను. ముందు పాత కొత్త ప్రతులను పక్కపక్కన చూపించే తేడా ఫైలు తెరుస్తాను. ఎందుకంటే ఎడిటర్ అడిగి మార్చినవాటి కంటే అడక్కుండా మార్చినవాటిలోనే నాకు భయం. ఒక్క కామా జరిగి షరతు రెండు పనులకీ అంటుకున్న సందర్భాలు చూశాను. తరవాత మామూలు టెక్స్ట్ ఫైలు ప్రింటు తీసి, అరుగు మీద కూర్చుని పైకి చదువుతాను. హెచ్‌టీఎంఎల్ అందంగా ఉంటుంది, కళ్ళు జారిపోతాయి. టెక్స్ట్‌లో లైనుకి 72 అక్షరాలే, కన్ను ఆగుతుంది. బొమ్మలు ఆ వెడల్పు దాటలేదని కూడా అప్పుడే చూసుకుంటాను. ప్రశ్నలకు జవాబులు మర్నాడు పొద్దున.

సాధన. ఈసారి కొంచెం కష్టమే, తెలిసే ఇస్తున్నాను. 1990 ఏప్రిల్ 1న వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1149 తెచ్చుకోండి. పావురాల కాళ్ళకి కాగితం చుట్టి ఇంటర్నెట్ ప్యాకెట్లు పంపడం గురించి, వేళాకోళానికి రాసినది, రెండు పేజీలు. అందులో ఎంటీయూ, అంటే ఒక్కసారికి పంపగలిగే ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మొదట మీరు ఎడిటరై పది ప్రశ్నలు రాయండి. ప్రతిదీ ఇదా, అదా అన్నట్టే ఉండాలి. కొలమానం మీద కనీసం ఒకటి, మస్ట్, మే లాంటి మాటల మీద రెండు. తరవాత ఇంట్లో ఇంకొకరికి ఆ కాగితం ఇచ్చి, రచయితలా జవాబులు చెప్పమనండి. వాళ్ళు ఆయ్ అన్న ప్రతిచోటా ప్రశ్న మీదే తప్పు అనుకుని తిరగరాయండి. ఆఖరున పదింటికీ పాతది, కొత్తది వాక్యాలు మీరే రాసి, సాంకేతిక మార్పు అయినవాటి పక్కన చుక్క పెట్టండి.

కాలువలు కట్టేసేలోగా పంపండి. పది కాకపోతే ఆరైనా పరవాలేదు. భీమవరం ఆయన మాత్రం పోయినసారి ఆరో ప్రశ్న కూడా మళ్ళీ రాయాలి.