కంప్యూటర్ గడియారం తప్పా? ముందు ఎంత తప్పో చూడండి

"బాబూ, నెట్ పోయింది, జర వచ్చి చూస్తవా?" అని కింది ఫ్లాట్ అంకుల్ పొద్దున్నే పిలిచారు. వెళ్లి చూస్తే నెట్ బాగానే ఉంది, ఫోన్లన్నీ నడుస్తున్నాయి. కంప్యూటర్‌లో మాత్రం ఏ సైటు తెరిచినా 'సురక్షితం కాదు' అని ఎర్ర హెచ్చరిక వస్తోంది. స్క్రీన్ మూలన చూస్తే 2015 జనవరి 1!

అప్పటినుంచి ఎవరు టైం తప్పుందని పిలిచినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఎంత తప్పు? ఆ తేడాలోనే సగం జవాబు ఉంటుంది.

తేదీ ఏళ్ల వెనక్కి పోయింది

ఇది బ్యాటరీ పని. మదర్‌బోర్డు, అంటే కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం కాబట్టి ఆ నంబరు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. సైట్ల భద్రతా సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. 2015లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కు ఈ ఏడాది సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే నమ్మదు.

అంకుల్‌కు రాత్రి పడుకునేముందు గోడ స్విచ్‌లన్నీ కట్టేసే అలవాటు. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆపినా ఈ బ్యాటరీ మీద భారం పడదు. స్విచ్ కట్టేస్తే రాత్రంతా అదే మోయాలి. పొద్దున మాత్రమే టైం తప్పుతోందంటే అనుమానం దీని మీదే.

ప్లగ్ పీకేసి, పక్క మూత తీసి, చిన్న క్లిప్పు నొక్కితే పాతది లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా వెళ్లక్కర్లేదు, వాచీ రిపేర్ షాపులోనూ దొరుకుతుంది. ల్యాప్‌టాప్ అయితే మీరు విప్పకండి, కొన్నింటిలో అది వైరుతో అతికించి ఉంటుంది. మార్చాక బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలోకి వెళ్లి తేదీ, టైం మీరే పెట్టండి. తేడా ఏళ్లలో ఉంటే విండోస్ దానంతటది సరిచేస్తుందని నమ్ముకోవద్దు.

సరిగ్గా అయిదున్నర గంటలు తేడా

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నవాళ్ల తలనొప్పి ఇది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే టైం రాస్తుంది. విండోస్ దాన్నే మన టైం అనుకుని చదువుతుంది. మన టైం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు కదా, అందుకని విండోస్‌లో అంత వెనకబడుతుంది. లినక్స్ టెర్మినల్‌లో 'timedatectl set-local-rtc 1' అనే ఆదేశం ఇస్తే గొడవ తీరుతుంది. లినక్స్ కాస్త సణుగుతుంది, సణగనివ్వండి.

రాత్రి పగలైంది

కొత్తగా విండోస్ వేసినప్పుడు టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌లో ఉండిపోతే పన్నెండున్నర గంటలో, పదమూడున్నర గంటలో వెనక చూపిస్తుంది. జోన్ల జాబితాలో హైదరాబాద్ కోసం వెతకకండి, లేదు. చార్మినార్‌కు 1889లోనే గడియారాలు పెట్టిన ఊరికి అక్కడ చోటు దక్కలేదు మరి! 'చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ' అన్న వరుస ఎంచుకోండి.

కొందరు డాలస్‌లో ఉన్న కొడుకు టైం కోసం అసలు గడియారాన్నే చేత్తో తిప్పేస్తారు. అది చేయకండి, ఫైళ్ల తేదీలన్నీ తారుమారవుతాయి. 'అడిషనల్ క్లాక్స్'లో ఇంకో రెండు గడియారాలు పెట్టుకోవచ్చు. డాలస్‌తో తేడా మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగతా నెలల్లో పదకొండున్నర. ఈ లెక్క కంప్యూటరే చూసుకుంటుంది.

రెండు మూడు నిమిషాలు తేడా

మామూలుగా పట్టించుకోం. తత్కాల్ టికెట్ కోసం ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి కూర్చునేవాళ్లకే దీని బాధ తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో 'డేట్ అండ్ టైమ్' తెరిచి 'సింక్ నౌ' నొక్కండి. విఫలమైతే హాస్టల్, ఆఫీసు నెట్‌వర్కుల్లో కంప్యూటర్ నెట్ నుంచి టైం తెచ్చుకునే దారి (యూడీపీ 123 పోర్టు) మూసి ఉండొచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒకసారి ప్రయత్నించి చూడండి.

విండోస్ 11లో సెకన్లు కూడా కనపడాలంటే టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో 'టాస్క్‌బార్ బిహేవియర్స్' కింద ఒక టిక్కు పెట్టాలి. కరెంటు కాస్త ఎక్కువ తింటుందని అక్కడే రాసి ఉంటుంది.

టైం సరే, చదవడమే కష్టం

అంకుల్ అసలు ఫిర్యాదు ఇదేనని చివర్లో బయటపడింది. 'డిస్‌ప్లే'లో 'స్కేల్' 100 నుంచి 125కు పెంచాను, గడియారంతో పాటు అక్షరాలన్నీ పెద్దవయ్యాయి. ఇంకో చిక్కు, నెల ముందు రోజు తర్వాత వస్తోంది. ఏప్రిల్ 3ను మార్చి 4 అని చదువుకుంటున్నారు పాపం. 'రీజియన్'లో ఫార్మాట్‌ను 'ఇంగ్లిష్ ఇండియా'కు మార్చాక రోజు ముందుకొచ్చింది.