వాటర్‌కలర్ కాగితాన్ని బోర్డుకు బిగించడం ఎలా?

ఇంట్లో స్టూడియో పెట్టుకున్నవాళ్లు రంగులకు, కుంచెలకు బాగానే ఖర్చు పెడతారు. కాగితాన్ని మాత్రం ఉన్నపళంగా బల్ల మీద పెట్టి బొమ్మ మొదలుపెట్టేస్తారు. మొదటి వాష్, అంటే నీళ్లు బాగా కలిపిన రంగు పూత, పడగానే కాగితం ఉబ్బుతుంది, పల్లమైన చోటల్లా రంగు మడుగు కడుతుంది, ఆకాశం కాస్తా మరకల మయం. అప్పుడు రంగుల కంపెనీని తిట్టుకుంటారు. నిజానికి నీళ్లు పీల్చిన కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. సాగి ఉన్నప్పుడే అంచులు కదలకుండా అంటించేస్తే, ఆరేకొద్దీ దానంతటదే బిగుసుకుంటుంది. చేయాల్సింది ఇంతే.

కావలసినవి: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాగితం, దానికంటే అన్ని వైపులా 3 సెంటీమీటర్లైనా పెద్దదైన మందపాటి ప్లైవుడ్ బోర్డు, స్పాంజి, తడిపితే అంటుకునే గోధుమరంగు గమ్ టేప్. పల్చటి బోర్డు వద్దు, కాగితం లాగుడికి అదే వంగిపోతుంది. మాస్కింగ్ టేప్ తడి కాగితానికి అంటుకోదు. స్టేపుల్ పిన్నులు కొట్టేవాళ్లున్నారు. పట్టు ఉంటుంది, కాదనను, కానీ నాలుగు బొమ్మలయ్యేసరికి బోర్డంతా చిల్లులే. టేపే వాడండి.

నీళ్లు ముట్టుకోకముందే టేప్‌ను నాలుగు ముక్కలుగా, కాగితం అంచుకంటే కాస్త పొడుగ్గా కత్తిరించి దూరంగా పెట్టండి. తడి చేత్తో టేప్ చుట్టను పట్టుకున్నారంటే అది మొత్తం ముద్దయిపోతుంది.

కాగితాన్ని చల్లటి నీళ్లలో 5 నుంచి 8 నిమిషాలు నాననివ్వండి. వేడినీళ్లు వద్దు, సైజింగ్, అంటే రంగు వెంటనే ఇంకకుండా కాగితానికి పట్టించిన జిగురు, కొట్టుకుపోతే వేసిన రంగు వేసినట్టు లోపలికి ఇంకిపోతుంది. నానిందో లేదో తెలియాలంటే ఒక మూల కొద్దిగా వంచి చూడండి. టక్కున వెనక్కి లేస్తే ఇంకాసేపు ఆగాలి. పూర్తిగా వాలిపోతే ఎక్కువ నానింది. వంచిన చోటే నిలబడితే సరిగ్గా ఉంది. రెండు మూలలు పట్టుకుని ఎత్తి, నీళ్లు కారనిచ్చి, బోర్డు మీద పరచండి.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. కంగారుపడి, నీళ్లు కారుతున్న కాగితం మీదే టేప్ అతికించేస్తారు. ఆ నీళ్లకు టేప్ జిగురు కరిగిపోతుంది. రాత్రి బాగానే కనిపిస్తుంది, తెల్లారేసరికి ఒక వైపు ఊడి కాగితం పైకి లేచి ఉంటుంది. అందుకే ముందు పొడి గుడ్డతో నాలుగు అంచులనూ, వాటి పక్కనున్న బోర్డునూ అద్దండి. రుద్దకూడదు, రుద్దితే పీచు లేస్తుంది, ఆ తర్వాత అక్కడ రంగు గీతలా కనిపిస్తుంది. అంచు మీద నీటి మెరుపు పోవాలి, కాగితం మాత్రం తడిగానే ఉండాలి.

టేప్‌ను నీళ్లలో ముంచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముంచితే జిగురు నీళ్లపాలే. పిండిన స్పాంజిని జిగురు వైపు ఒక్కసారి లాగండి, రెండోసారి వద్దు. జిగురు నిగనిగలాడుతూ వేలికి జారుడుగా తగిలితే చాలు. సగం కాగితం మీదికి, సగం బోర్డు మీదికి వచ్చేలా వేసి, మధ్య నుంచి చివరలకు వేలితో గట్టిగా నొక్కండి. ముందు పొడుగు అంచులు రెండూ, తర్వాత పొట్టివి. ఇప్పుడు మధ్యలో ఉబ్బు కనిపించినా టెన్షన్ పడి చేత్తో అదమకండి. ఆరితే అదే పోతుంది.

ఆరేవరకు బోర్డు బల్లపరుపుగా పడుకునే ఉండాలి. గోడకు ఆనిస్తే నీళ్లన్నీ కిందికి దిగి కింది టేప్ వదిలేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ పెడితే ఒక చోట ముందే బిగుసుకుని టేప్‌ను లాగేస్తుంది, ఒక్కోసారి కాగితమే చిరుగుతుంది. ఎండలోనూ వద్దు. నేనైతే సాయంత్రం బిగించి తెల్లారేదాకా దాని జోలికే పోను. ఆరిందో లేదో చూడటానికి అరచేతి వెనక వైపు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. వేలితో తడితే డప్పులా మోగాలి.

బొమ్మ పూర్తయ్యాక కూడా పూర్తిగా ఆరాకే కోయండి. టేప్ పీకకండి, దాని వెంట కాగితం పొర కూడా లేచి వస్తుంది. స్కేలు పెట్టి టేప్ లోపలి అంచు వెంబడి కట్టర్‌తో కోసేయండి. బోర్డుకు మిగిలిన టేప్‌ను తడిపి కాసేపు వదిలేస్తే గీకగానే వచ్చేస్తుంది.