ఇన్‌హేలర్ ఖర్చుకు సాయం అడిగే ముందు

మొదట కౌంటర్ చూడండి. చాలా ఇన్‌హేలర్ల మీద ఇంకా ఎన్ని డోసులున్నాయో చూపే చిన్న అంకె ఉంటుంది. దరఖాస్తు తేలడానికి వారాలు పట్టొచ్చు, కాబట్టి సున్నా దగ్గరపడేదాకా ఆగకండి. కౌంటర్ లేని స్ప్రే రకాన్ని ఊపి చూసి అంచనా వేయొద్దు. మందు అయిపోయాక కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది.

– కలిసొస్తుందని డోసులు తగ్గించకండి. సీఓపీడీకి (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) రోజూ వాడమన్న ఇన్‌హేలర్ ఆయాసం లేని రోజు కూడా వాడాల్సిందే. డబ్బు ఇబ్బంది డాక్టరుకు చెప్పడానికి మొహమాటం వద్దు.

– ఫారం నింపేముందే చవకైన జనరిక్ (అదే మందు, పెద్ద బ్రాండ్ పేరు లేకుండా) ఉందేమో అడగండి. ఉంటే దరఖాస్తు గొడవే ఉండకపోవచ్చు. మారిస్తే మాత్రం పీల్చే పద్ధతి మళ్లీ నేర్చుకోవాలి. స్ప్రే రకాన్ని నెమ్మదిగా, పొడి రకాన్ని గట్టిగా, వేగంగా పీల్చాలి. ఇది తేడా పడితే మందు గొంతులోనే ఆగిపోతుంది. నా దృష్టిలో ఫారం కంటే ఇదే ముఖ్యం.

– కంపెనీ పథకమా, ప్రభుత్వానిదా, ట్రస్టుదా? అర్హతలు వేరువేరు. బీమా ఉన్నవాళ్లను కొన్ని తీసుకోవు.

– డాక్టరు రాసిన మందుల చీటీలో, గుర్తింపు కార్డులో పేరు ఒకేలా ఉండాలి. ఆదాయ పత్రం, డాక్టరు సంతకం మరవకండి.

– ముందు ఫీజు కట్టమన్నా, ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి.

– దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. చాలాసార్లు కాగితం తక్కువైందనే తేలుతుంది; అది జతచేసి మళ్లీ పంపొచ్చు.