బతుకుతెరువు కోసం వెళ్ళి ప్రాణమిచ్చినవారిని ఊరు గౌరవించుకోవడం ఎలా?

రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరుగు తీసే మన పల్లెటూరి కుర్రవాళ్ళలో చాలామంది మనసులో దేశభక్తితో పాటు ఇంటి అప్పు, చెల్లెలి పెళ్ళి, ఒకటో తారీఖున వచ్చే జీతం కూడా ఉంటాయి. సరిహద్దు రహదారుల సంస్థలో దినకూలీగా కొండలు తొలిచేవారినీ, సియాచిన్ స్థావరాలకు సరుకు మోసే కూలీలనూ అక్కడికి చేర్చేది కూడా ఆ అవసరమే. ఈ సంగతి బయటికి చెబితే త్యాగం చిన్నబోతుందని భయపడి సంస్మరణ సభల్లో జవాను పేదరికాన్ని దాచిపెట్టడం, కూలీనైతే అసలు తలుచుకోకపోవడం మనకు అలవాటైపోయింది. మన పూర్వులకు ఆ భయం లేదు. పశువులను కాపాడబోయి చనిపోయినవారికి రాయలసీమలో వీరగల్లులు, అంటే వీరుల స్మారక శిలలు, నిలిపిన కాలంలోనే, చనిపోయిన వీరుడి కుటుంబానికి భూమి ఇచ్చినట్టు చెప్పే శాసనాలూ పుట్టాయి. గౌరవాన్నీ కుటుంబ పోషణనూ కలిపి చూసిన ఆ పద్ధతే ఇప్పటికీ సరైనదని నా నమ్మకం.

కాబట్టి విరాళాల పుస్తకం తెరవడానికి ముందే ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు చనిపోయినవారి ఇంటికి వెళ్ళి, దినకర్మలు ముగిసి జనం పలచబడిన తరువాత, తీరికగా కూర్చుని మాట్లాడాలి. అతను ఎందుకు చేరాడు, ఇంటికి ఏం చేసిపెట్టాడు, ఏ విషయం నలుగురిలో చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు అన్నవి తల్లీ భార్యా నిర్ణయించాలి. అప్పుల సంగతి వద్దంటే వద్దు.

తరువాత వివరాలు సరిచూసుకోవాలి. సైనికుడి నంబరు, హోదా, యూనిట్, మరణించిన తేదీ, స్థలం సైన్యం పంపిన కాగితాల్లో ఉంటాయి. సందేహం ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగాలి. ప్రపంచ యుద్ధాల్లో పోయిన తాతముత్తాతల పేర్ల కోసం ఆ యుద్ధాల్లో మరణించినవారి సమాధులనూ పేర్లనూ చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైటులో వెతకవచ్చు. ఇంగ్లీషువారు మన పేర్లను ఇష్టమొచ్చినట్టు రాసుకున్నారు కనుక రెండు మూడు స్పెల్లింగులు ప్రయత్నించాలి. పేరు దొరకకపోతే అతను యుద్ధానికి వెళ్ళలేదని అనుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన భారతీయ, ఆఫ్రికన్ సైనికులను, కూలీలను తెల్లవారితో సమానంగా స్మరించలేదని, ఎంతోమంది పేర్లు అసలు రాయనేలేదని ఆ సంఘమే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపి, పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరంగా పేరుపడ్డ ఊరిలాంటి చోట్ల వృద్ధుల జ్ఞాపకమూ ఒక దస్తావేజే.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది శిలాఫలకం మీద. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగ చక్రం గోడల మీద స్వాతంత్ర్యానంతరం ప్రాణాలిచ్చిన సైనికుల పేర్లు చెక్కారు. రోడ్డు వేస్తూ మంచుచరియ కింద పడిపోయిన కూలీ పేరుకు అక్కడ చోటు లేదు. ఊరి బొడ్డురాయి దగ్గరో బడి ఆవరణలోనో మనం నిలిపే రాయి మీద చోటు ఇవ్వడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. సైనికుడి పేరు ఎంత అక్షరంతో చెక్కుతారో కూలీ పేరూ అంతే అక్షరంతో, అదే రాతి మీద, మరణించిన తేదీల వరుసలో చెక్కించండి. పొగడ్తలు తగ్గించి, అతను చేసిన పని రాయించండి: “ఫలానావారి కుమారుడు, కుటుంబ పోషణకై సరిహద్దు రహదారి పనికి వెళ్ళి, లద్దాఖ్‌లో మంచు తొలగిస్తూ మరణించాడు” అంటే చాలు, చదివినవాడికి మనిషి కళ్ళముందు నిలుస్తాడు. ఫలకం మీద దాతల పేర్లు, ఆవిష్కరించిన నాయకుడి పేరు అమరుల పేర్లకన్నా పెద్దగా ఉండకూడదు. వీలైతే వెనుకవైపు వేయించండి.

జాతీయ జెండా విషయంలో నియమం కచ్చితమైనది. ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో మాత్రమే పార్థివదేహం మీద జెండా కప్పాలి. కాషాయరంగు తలవైపు ఉండాలి. జెండాను చితి మీద కాల్చకూడదు, గోతిలోకి దించకూడదు. కాంట్రాక్టు కార్మికుడికి ఈ లాంఛనం వర్తించదు కాబట్టి ఊరంతా పాడె వెంట నడవడమే అతనికి దక్కే గౌరవం. ఆ రోజు దుకాణాలు మూయించండి, బడిపిల్లలను దారి పొడవునా నిలబెట్టండి.

వర్ధంతి సభ క్లుప్తంగా జరగాలి. చెక్కు పట్టుకుని ఫొటో దిగమని తల్లిని నిలబెట్టవద్దు. కూలీ కుటుంబానికీ ముందు వరుసలోనే కుర్చీలు వేయండి.

ఇక రావలసిన డబ్బు. ఊళ్ళు ఎక్కువగా వెనకబడేది ఇక్కడే. అగ్నివీరుడు (అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ళకు సైన్యంలో చేరినవాడు) విధి నిర్వహణ కారణంగా మరణిస్తే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం, అతని పేరున జమయ్యే సేవానిధి వస్తాయి; కుటుంబ పింఛను మాత్రం రాదు. సరిహద్దు రహదారుల దినకూలీల అంత్యక్రియల ఖర్చుకు 2023 దాకా ఇచ్చింది 1,000 రూపాయలు. దాన్ని అప్పుడు 10,000కు పెంచారు. 10 లక్షల బీమాకు ఆమోదం వచ్చింది 2024లోనే. ప్రైవేటు కాంట్రాక్టరు కింద పనిచేస్తూ ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారం చట్టం ఇచ్చిన హక్కు. కాంట్రాక్టరు మొహం చాటేస్తే, పని చేయించుకున్న ప్రధాన యజమాని బాధ్యత వహించాలి. దరఖాస్తుకు గడువు రెండేళ్ళే కనుక హాజరు పట్టీ, జీతం జమ అయిన బ్యాంకు పుస్తకం, తోటి కూలీల ఫోన్ నంబర్లు మొదటి నెలలోనే సేకరించి, చదువుకున్న ఒకరికి ఆ ఫైలు అప్పగించాలి.

విదేశీ యుద్ధాల్లోకి వెళ్ళినవారినీ ఈ లెక్కలోనే చూడాలి. సహాయకుడి ఉద్యోగమని నమ్మి రష్యాకు వెళ్ళిన హైదరాబాద్ యువకుడొకరు 2024లో యుక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడు. అలాంటివారి పేరు రాతి మీద ఉండాలా అని ఊళ్ళో వాదన రావచ్చు. ఉండాలనే నేనంటాను, పక్కనే ఎలా మోసపోయి వెళ్ళాడో కూడా రాయించాలని అంటాను. ఏజెంటు మాట నమ్మి పాస్‌పోర్టు చేతికివ్వబోయే మరో కుర్రవాడు ఆ వాక్యం చదువుతాడు.