కార్న్ స్నేక్ కింద ఏం పరచాలి? అనంతపురం ఎండల్లో పెంచేవాళ్లకు

కార్న్ స్నేక్ అనే విదేశీ పామును పెంచుకోడానికి తెచ్చుకునేవాళ్లు ట్యాంకు గురించి, ఎలుక పిల్లల గురించి పది మందిని అడుగుతారు గానీ, దాని పొట్ట రోజంతా రాసుకుంటూ ఉండే ఆ అడుగు పొర గురించి మాత్రం ట్యాంకు ఇంటికొచ్చాక "ఏదో ఒకటి వేద్దాంలే" అనుకుంటారు. నేనూ అంతే. మా అనంతపురంలో ఊరికే దొరికేవి మూడు: కోత మిషన్ దగ్గర రంపపు పొట్టు, బుడ్డలు (వేరుశనక్కాయలు) ఒలిచే మిల్లు దగ్గర బుడ్డ పొట్టు, పెన్న ఇసుక. మూడూ పనికిరావు. ఎందుకో చెప్తాను, తర్వాత ఏం వేయాలో చూద్దాం.

నేను మొదట తెచ్చింది రంపపు పొట్టే, ఒక గోతం నిండా. వాసన కూడా బాగుంది, అదే అసలు తప్పు. మూడో రోజుకు నీళ్ల గిన్నె మీద మీగడ కట్టినట్టు పొట్టు తేలుతోంది, పాము ముక్కు దగ్గర చిన్న బుడగ కనిపించింది, అప్పుడప్పుడూ నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. పొట్టంతా ఎత్తిపోసి పేపరు పరిచి డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. కోత మిషన్ పొట్టులో ఏ కట్టె ఉందో అక్కడివాళ్లకే తెలీదు. టేకు, వేప, దేవదారు, పాత ప్యాకింగ్ పెట్టెల పైన్ కట్టె అన్నీ కలిసిపోయి ఉంటాయి. దేవదారు, పైన్ లాంటి కట్టెల్లో వాసనకు కారణమయ్యే నూనెలుంటాయి. మూసి ఉన్న ట్యాంకులో ఆ ఆవిరి ఊపిరితిత్తులకు పడదు. పెట్ షాపులో కుందేళ్లకనీ హ్యామ్‌స్టర్లకనీ అమ్మే చెక్క తురుము ప్యాకెట్లలో కూడా పైన్ ఉండొచ్చు, కాబట్టి ఏ కట్టె అని లేబుల్ మీద చూడండి, రాసి లేకపోతే తీసుకోకండి. నా లెక్క ఒకటే: ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుగా కట్టె వాసన కొట్టేది ఏదీ వద్దు.

బుడ్డ పొట్టు గురించి మనూళ్లో అందరూ అడుగుతారు, ఎందుకంటే అది కొండల్లా పడి ఉంటుంది. దాంట్లో దుమ్ము ఎక్కువ, విరిగిన అంచులు గరుకు, పైగా కాస్త తడి తగిలితే బూజు పట్టేస్తుంది. బుడ్డల మీద పెరిగే ఆ బూజుల్లో ఒకటి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుందని రైతుల ఇళ్లల్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. వరి ఊకదీ దాదాపు ఇదే కథ, దాని మొనలు ఇంకా పదును, ఎలుకను మింగేటప్పుడు నోట్లో గుచ్చుకుంటాయి.

ఇక ఇసుక. "పాము అంటే ఎడారే కదా" అనుకుంటారు. ఈ పాము సొంతూరు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు, అక్కడ అది పైన్ అడవుల్లో, పొలాల గట్ల మీద, పాత పశువుల కొట్టాల్లో, రాలిన ఆకుల కింద దూరి బతుకుతుంది. ఇసుక తడి ఎలుకకు అంటుకుని కడుపులోకి పోతే పేగుకు అడ్డం పడొచ్చు, పొలుసుల సందుల్లో ఇరుక్కుని ఒరుసుకుంటుంది, తేమను అసలు పట్టి ఉంచదు. పొలం నుంచి ఎర్రమట్టి తెద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట: మందు కొట్టిన నేల ఏదో మనం చూసి చెప్పలేం.

పనికొచ్చేవాటిలో అందరూ మొదట చెప్పేది ఆస్పెన్ తురుము, అంటే ఆస్పెన్ అనే చెట్టు కట్టె తురుము. ఘాటు నూనెలుండవు, దుమ్ము తక్కువ, పాము దాంట్లో సొరంగాలు తవ్వుకుంటే అవి కూలిపోకుండా నిలబడతాయి. కార్న్ స్నేక్‌కు దూరడం ఇష్టం, దూరే చోటు లేకపోతే దానికి టెన్షన్, తిండి మానేస్తుంది. మన దగ్గర ఆస్పెన్ షాపుల్లో దొరకదు, నేను బెంగళూరు నుంచి తెప్పించుకుంటాను. కానీ దాంతో ఒక చిక్కు ఉంది. ఆస్పెన్ మంచిదని రాసేవాళ్లలో చాలామంది తేమ ఎక్కువైపోతుందని భయపడే చోట్ల ఉంటారు. మనకు ఏప్రిల్, మే నెలల్లో భయం దానికి తలకిందులు, తేమ చాలదని. ఈ పాముకు నలభై నుంచి అరవై శాతం తేమ కావాలి. మధ్యాహ్నం ఇక్కడ గాలిలో అంత ఎక్కడుంటుంది? తేమ చాలకపోతే కుబుసం ఒక్క గొట్టంలా ఊడకుండా ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, తోక చివర, కళ్ల మీద పొర మిగిలిపోతుంది. పోనీ అని ఆస్పెన్ మీద నీళ్లు చల్లితే అదీ బూజు పడుతుంది.

అందుకే నేను వేసవిలో కొబ్బరి హస్క్ చిప్స్‌కు మారిపోతాను. నర్సరీల్లో మొక్కల కోసం అమ్మే, కొబ్బరికాయ పైడొక్కను తరిగిన ముక్కలు ఇవి. పొడిలా ఉండే కోకోపీట్ వద్దు, ఎండిందంటే లేచి కళ్లల్లో పడుతుంది, పొడవాటి పీచు కూడా వద్దు. ఎరువు కలిపింది అస్సలు వద్దు, నర్సరీ అబ్బాయిని గుచ్చి గుచ్చి అడగండి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లల్లో కడగండి, చివరిసారి మరిగే నీళ్లు పోసి నానబెట్టి, పిండి, మిద్దె మీద దుప్పటి మీద పరచండి. మన ఎండకు ఒక్క రోజు చాలు, పురుగూ గుడ్డూ ఏదున్నా పోతుంది. ఈ విషయంలో మాత్రం అనంతపురంలో ఉండడం అదృష్టం. పెద్ద పాముకైతే అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందం వేయండి. ఒక మూల మాత్రమే కాస్త తడిగా ఉంచి మిగతాదంతా పొడిగా వదిలేయండి, పాముకు ఏది కావాలో అదే వెళ్లి ఎంచుకుంటుంది. ఆస్పెన్ వేసినవాళ్లు ఒక చిన్న మట్టి కుండను పడుకోబెట్టి, లోపల తడిపి పిండిన నాచు గానీ కిచెన్ టిష్యూ గానీ పెడితే చాలు, కుబుసం రోజుల్లో అది అందులోనే కాపురముంటుంది.

తడి ఎక్కువైతే ఏమవుతుందంటే పొట్ట పొలుసులు గోధుమ రంగుకో ఎరుపుకో మారి బొబ్బలు లేస్తాయి. అది కనిపించిన రోజే మొత్తం తీసేసి పేపరు పరచండి, డాక్టరుకు చూపించండి. చేత్తో పిండితే నీళ్లు కారేంత తడి ఎప్పుడూ ఉండకూడదు.

పేపరును చిన్నచూపు చూడకండి. కొత్తగా తెచ్చిన పాముకు మొదటి నెలా రెండు నెలలు తెల్ల టిష్యూ గానీ న్యూస్ పేపరు గానీ వేయాలి, వేరేది వద్దు. మైట్స్ (పాము ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉంటే నల్ల చుక్కల్లా తెల్ల కాగితం మీద కదులుతూ కనిపిస్తాయి, మలం ఎలా ఉందో తెలుస్తుంది, పిల్ల పాము ఎలుకతో పాటు చెత్త మింగే భయం ఉండదు. రెండు మూడు పొరలు వేస్తే కింద దూరి పడుకుంటుంది. చూడ్డానికి బాగోదు, నిజమే, మా జేజి "పాముకు పేపరు చదివిస్తున్నావా" అని నవ్వేది.

హీట్ మ్యాట్ (ట్యాంకు అడుగున పెట్టే కరెంటు వేడి పట్టా) వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: పొర మందమైతే పైన చల్లగా, కింద అద్దం దగ్గర కాలిపోయేంత వేడిగా ఉంటుంది, పాము తవ్వుకుంటూ అక్కడికే పోతుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ పెట్టకండి, వేడిని కొలిచే దాని ప్రోబ్‌ను మ్యాట్ దగ్గరే పెట్టి, వేడి వైపు పొర పలుచగా వేయండి. వేడి వైపు సుమారు 30 డిగ్రీలు చాలు. మనకు అసలు మ్యాట్ అక్కర వచ్చేది చలికాలం రాత్రుళ్లే. వేసవిలో నేను తీసి అటక మీద పడేస్తాను, దానికి బదులు చల్ల వైపు ఒక కడప బండ ముక్క పెడతాను, మధ్యాహ్నం పాము దాని మీదే పొట్ట ఆనించి పడుంటుంది. బండను పొర మీద పెట్టకండి, ట్యాంకు అడుగుకే ఆనించండి, లేకపోతే పాము కింద తవ్వినప్పుడు దాని మీదే పడుతుంది.

మేత పెట్టేటప్పుడు చిన్న పళ్లెం మీద పెట్టండి లేదా పట్టకారుతో అందించండి, అప్పుడు ముక్కలు అంటుకోవు. ఒక చిన్న ముక్క మింగినా కంగారు పడకండి, సాధారణంగా బయటికి పోతుంది. మల విసర్జన ఆగిపోయి పొట్ట ఒకచోట ఉబ్బితేనే డాక్టరు. ఇంకో విషయం, ఇదంతా కార్న్ స్నేక్ లాంటి విదేశీ పాముల సంగతి. పొలంలో దొరికిన జెర్రిపోతునో నాగుపామునో ట్యాంకులో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మీ పాము కొన్న కాగితాలు కూడా జాగ్రత్త చేసుకోండి.

శుభ్రం విషయానికొస్తే, మలం కనిపించిన రోజే చుట్టూ ఒక గుప్పెడు ఎక్కువ తీసి పడేయండి. ఆస్పెన్ అయినా కొబ్బరి అయినా నెలా నెలన్నరకు మొత్తం మార్చేయండి, నీళ్ల గిన్నె ఒలికితే ఆ రోజే. ట్యాంకును వేడి నీళ్లు, వెనిగర్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. ఫినాయిల్ వాసన కూడా తగలనివ్వకండి, నాఫ్తలీన్ ఉండలు, చీమల చాక్‌పీసు కూడా ఆ గదిలో వద్దు. చీమలకు మన పాత పద్ధతే మేలు: ట్యాంకు స్టాండు నాలుగు కాళ్లూ నాలుగు నీళ్ల గిన్నెల్లో పెట్టండి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి, లేకపోతే అందులో దోమలు పెరుగుతాయి.