చిన్న ఇంటిపేరుకి పేరు కుదరడం లేదా? అతుకు దగ్గర చూడండి

పురుడు అయిపోయింది, బారసాలకి పది రోజులుంది, పేరు ఇంకా తేలలేదు. రాసుకున్న ఇరవై పేర్లూ విడిగా బాగానే ఉన్నాయి. ఇంటిపేరు పక్కన పెట్టగానే ఏదో తేడా కొడుతోంది. మన గోదావరి వైపు లంక, కోన, తోట, బండి లాంటి రెండక్షరాల ఇంటిపేర్ల ఇళ్లలో ఈ తంటా మామూలే. నేను లంక వారి ఆడపడుచుని, పడినదాన్నే చెబుతున్నాను.

నెట్‌లో వెతికితే చిన్న ఇంటిపేరుకి పొడుగు పేరు పెట్టమంటారు. అది ఇంటిపేరు చివర చెప్పుకునేవాళ్ల సలహా. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. దాని చివరి అక్షరమూ పేరు మొదటి అక్షరమూ కలిసే అతుకు దగ్గరే మన గొడవంతా.

రెండూ కలిపి పిలిస్తే మూడో మాట వినిపిస్తోంది

కారణం: చిన్న ఇంటిపేర్లు చాలావరకు రోజూ వాడే మాటలే. లంక అంటే గోదావరి పాయల మధ్య తేలిన నేల. తోట అంటే తోటే. అలాంటి మాట పక్కన ఏం పెట్టినా సమాసమై కూర్చుంటుంది. చెరుకుమిల్లి వారికి ఈ బాధ లేదు. పైగా పొడుగు ఇంటిపేరు ఇనీషియల్‌గా ముడుచుకుపోతుంది, చిన్నదాన్ని అందరూ పూర్తిగా పిలుస్తారు.

తోట వారమ్మాయికి మాలిని అని పెట్టారా, బడిలో మొదటి రోజే తోటమాలి. కోన వారింట్లో సీమ అంటే ఏకంగా జిల్లా. బండి చక్రధర్ సంగతి చెప్పక్కర్లేదు. తోట వారింట రాముడు పుడితే జీవితాంతం మాంత్రికుడి జోకులు వినాల్సిందే. ఇక లంక వారబ్బాయికి ఈశ్వర్ అని పెడితే ఎవరూ సంధి చెయ్యమని అడగరు, నోరే చేసేస్తుంది: లంకేశ్వర్. రావణుడూ శివభక్తుడేగా అని మా బాబాయి సర్దిచెప్పబోయాడు, ఎవరూ వినలేదు.

పరిష్కారం: ఇంటిపేరుతో మొదలయ్యే మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. తోట అయితే తోటమాలి, తోటకూర. లంక అయితే లంకంత ఇల్లు, లంకేశ్వరుడు, లంకిణి. వాటి రెండో సగం పేరులో వినపడకుండా చూసుకోండి. తర్వాత వీధిలో బాగా అల్లరి చేసే పదేళ్ల పిల్లాణ్ణి పిలిచి అడగండి. పంతులుగారికి తట్టనివి వాడికి చిటికెలో తడతాయి. నన్ను బడిలో లంకిణి అనేవారు. ఏ పేరు పెట్టినా అది తప్పేది కాదు. అలాంటి వాటికి మందు లేదు, వదిలేయండి.

ఇంటిపేరు సగం మింగేసినట్టు ఉంది

కోన నవ్య అని గబగబా పదిసార్లు అనండి. ఐదోసారికే కోన్నవ్య అవుతుంది. లంక కల్యాణి కాస్తా లంక్కల్యాణి. ఇంటిపేరు చివరి హల్లూ పేరు మొదటి హల్లూ ఒకటే అయితే మధ్యనున్న అచ్చు జారిపోతుంది. పేరు అచ్చుతో మొదలైనా అంతే: తోట అఖిల తోటఖిల, బండి ఇందు బండిందు. నాలుగక్షరాల ఇంటిపేరులో ఒక ముక్క పోయినా ఆనవాలు మిగులుతుంది. రెండక్షరాల్లో పోతే ఇంకేముంది?

వేరే హల్లుతో మొదలయ్యే పేరు చూడండి. కోన భార్గవి, తోట సుచరిత నిలబడతాయి. ద్రాక్షారామం అమ్మవారు మాణిక్యాంబ పేరు మీద లంక మాణిక్య అన్నా అతుకు గట్టిగానే ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఇంజను మోత మధ్య కేకేసినా రెండు మాటలుగా వినపడాలి, నా లెక్కకి అదే పరీక్ష.

నవ్య మీదే మనసు పడిందంటే ముందు ఒక అక్షరం తగిలించి కోన శ్రీనవ్య అనండి. మన పెద్దవాళ్లు వెంకట, సత్య, సూర్య అని ముందు చేర్చింది మొక్కు కోసమే కావచ్చు గానీ అతుక్కి కూడా బాగా పనికొచ్చింది.

పిలిస్తే ముగ్గురు పలుకుతున్నారు

తోట వారు పదిళ్లున్న ఊళ్లో మళ్లీ తోట రవి అంటే అంతే మరి. ఇక్కడ మాత్రం నెట్ సలహా నిజమే, మూడు నాలుగు అక్షరాల పేరు పెట్టండి. అలాగని వీర వెంకట సత్య సూర్యనారాయణమూర్తి దాకా వెళ్లకండి, ఏ ఫారంలోనూ పట్టదు.

నక్షత్రం అక్షరానికి పేరే దొరకడం లేదు

ఆరుద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ. ఆ అక్షరాలతో తెలుగులో మాట మొదలవదు, దొరకకపోవడం మీ తప్పు కాదు. జన్మనామం బారసాల నాడు బియ్యంలో రాసి అక్కడితో ఉంచుకుని, వ్యవహారానికి వేరే పేరు పెట్టుకోవచ్చు. అదే నక్షత్రంలో ఇంకో పాదం అక్షరం తీసుకోవచ్చా అని పంతులుగారిని అడిగి చూడండి.

కాగితాల మీద తిరగబడుతోంది

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడి, పేరు ఇంకో గడి. అమెరికా వెళ్తే పేరు ముందు, ఇంటిపేరు వెనక. కాబట్టి రెండో అతుకు కూడా ఇప్పుడే చూసుకోండి. లంక వారబ్బాయికి ముద్దుగా శ్రీ అని పెడితే అక్కడ దిగగానే ఒక దేశమైపోతాడు.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఇంకో తలనొప్పి. తోటలో హెచ్ ఉందా లేదా? తండ్రి పదో తరగతి సర్టిఫికెట్లో, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయించండి. ఆ రెండూ తేడాగా ఉంటే ముందు వాటిని సరిచేయించుకోండి.

జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి. బారసాల కూడా 21వ రోజే కావడంతో అందరికీ టెన్షన్. నిజానికి నమోదుకి పేరు అక్కర్లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుం లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుంతో చేర్చుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ నమోదుతో వచ్చే జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. అందుకని పేరు చేర్చడం ఒక వారం ఆలస్యమైనా పర్వాలేదు, తప్పు రాయించకండి. మా తమ్ముడి కొడుకు పత్రంలో లంకని ఇనీషియల్ అనుకుని ఉత్త 'ఎల్' వేసి ఇచ్చారు. దాన్ని సరిచేయించడానికి మా తమ్ముడు నాలుగుసార్లు తిరిగాడు. పత్రం చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి ఇంటిపేరు రెండక్షరాలూ పడ్డాయో లేదో చూసుకోండి.